గల్లీ తిరిగిన ఊపిరిబిళ్ల

గంగామణి తన బిడ్డ ఊపిరిని గల్లీలో బదులుకిస్తోందని సాయవ్వ మా అమ్మతో చెప్పిందట. "ల్యాబోళ్లు నమ్మి చేతుల పెట్టిన మిషిన్ని జల్లెడ లెక్క ఇల్లిల్లు తిప్పుతున్నది వదినె. మొన్న కుమ్మరోళ్ల ఇంట్ల కనబడ్డది, నిన్న జరీనా ఇంట్ల. రేపెవ్వల ఇంట్లనో ఆ దేవునికే ఎరుక. నీ బిడ్డ నౌకరి అండ్లనే గద, జర జెప్పుకో" అని దీర్ఘం తీసిందట. సాయవ్వ చెప్పినదాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మడం మా ఇంట్లో అలవాటు. అమ్మ ఫోన్లో ఇదంతా చెబుతుంటే ఆ మిగిలిన సగానికే నాకు చెమట పట్టింది.

ఆ మిషన్ను గంగామణి చేతిలో పెట్టింది నేనే మరి.

నా ఉద్యోగం పేరు పొడుగ్గా ఉంటుంది. పని మాత్రం చిన్నదే. ఇండ్లకు పోవడం, అమ్మలు చెప్పింది వినడం, ఫారంలో రాయడం. ఉబ్బసం పిల్లల కోసం హైదరాబాదు శివారులోని మా ప్రయోగశాల ఒక పరికరం తయారు చేసింది. అరచేయంత మెత్తటి బిళ్ల. పిల్ల రొమ్ముకు పట్టీతో కట్టాలి. ఇరవై ఒక్క రోజులు అది ఊరకే ఊపిరి వింటుంది. ఇరవై రెండో రోజు నుంచి తనే ఊపిరి తీయడం మొదలుపెడుతుంది, పిల్ల ఊపిరికి అర క్షణం ముందు. ఉబ్బుతుంది, తగ్గుతుంది. పిల్ల ఊపిరితిత్తులు తమకు తెలియకుండానే దాని వెంట నడుస్తాయి. పిల్లి కూతలు వినిపించడానికి రెండు గంటల ముందే లోపల గొట్టాలు బిగుసుకోవడాన్ని అది పసిగడుతుంది, నెమ్మదిగా నడిపించి దాటిస్తుంది. ల్యాబులో దానికో ఇంగ్లీషు పేరుంది. ఊళ్లలో అందరూ ఊపిరిబిళ్ల అన్నారు, అదే నిలిచింది.

రెండు జిల్లాల్లో అరవై మంది పిల్లల మీద పరీక్ష. అందులో పద్నాలుగు ఇండ్లు నావి. దాన్ని అమ్మలే తీర్చిదిద్దారని మా వాళ్లు ఎక్కడికి పోయినా గర్వంగా చెప్పేవాళ్లు, అది అబద్ధం కూడా కాదు. మొదటి బిళ్ల కీచుమని కూసేది. పిల్ల జడుసుకుంటోందని ఒకావిడ అంటే కూత తీసేసి వెచ్చదనం పెట్టారు. రబ్బరు పట్టీకి చెమటకాయలు లేస్తున్నాయంటే నూలు పట్టీ వచ్చింది. తెల్లరంగు మీద తంబాకు మరకలు కనబడతాయని గంగామణి అంటే ఎర్రమట్టి రంగు వేశారు. బీడీలు చుట్టే ఇండ్లు మావి. గోడ తుడిచినా పిల్ల ముఖం తుడిచినా గుడ్డ పచ్చగానే అవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆర్మూరులో బస్సు దిగి మజీదు గల్లీకి పోయాను. అరుగుల మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. గంగామణి కూతురు లౌక్య, ఆరేండ్లది, దుమ్ములో గీతలు గీసి ఒంటి కాలి మీద తొక్కుడుబిళ్ల ఆడుతోంది. రొమ్ము మీద ఏమీ లేదు. ఆరు నెలల కింద ఇదే పిల్ల గడప దాటితే ఆగి నడుము పట్టుకునేది.

"లౌక్యా! ఆగు! కూసో!" అని అరిచాను.

గంగామణి కత్తెర ఆపకుండానే తలెత్తింది. "ఎందుకే గట్ల ఒర్రుతవు? ఆడుకోనీ."

"బిళ్లేదక్కా?"

"ఆఫ్రీన్ మీదున్నది."

ఆఫ్రీన్ జరీనా కూతురు, నాలుగేండ్లది. దానికీ ఉబ్బసమే. పరీక్షకు ఐదేండ్లు నిండాలని మా వాళ్లు దాన్ని తీసుకోలేదు.

"ఒక్క పిల్లకే కట్టాలని నేను జెప్పలే? నువ్వు సంతకం పెట్టలే?"

"జెప్పినవు. ఇన్న. సంతకం గూడ పెట్టిన." ఆకు మలిచి తంబాకు పోసి వేళ్ల మధ్య దొర్లించింది. "కూసో. ఎండల పడి వొచ్చినవు. నీళ్లు తాగు."

"అక్కా, నా నౌకరి పోతది."

"పోతే పోనీ, నీకూ ఓ చాటిస్త. కూసో అంటే!"

అరుగు మీది ఆడవాళ్లంతా నవ్వారు. కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. మొదటి ఇరవై ఒక్క రోజులు బిళ్లను లౌక్యకు కట్టనే లేదట. జరీనా పెద్ద కొడుకు ఇమ్రాన్‌కు నాలుగు రోజులు, కుమ్మరోళ్ల కవల పిల్లలకు చెరి మూడు రోజులు, ఇంకో ముగ్గురికి మిగతా రోజులు. అందరూ గల్లీలో పరుగెత్తి ఎగిరే పిల్లలు, జలుబంటే తెలియనివాళ్లు. ఇరవై రెండో రోజున, బిళ్ల తనే ఉబ్బడం మొదలుపెట్టాక, లౌక్య రొమ్ముకు కట్టిందట.

"ఎందుకు?" అన్నాను.

ఆమె నన్ను బీడీల ఇంట్లో పుట్టనిదాన్ని చూసినట్టు చూసింది. "కొత్త పిల్లకు బీడీలు నేర్పాలంటే ఎవల పక్కన కూసోబెడ్తం? చెయ్యి తిరిగినదాని పక్కనే గద. చేతగానిదాని పక్కన కూసోబెడితే గదే చేతగానితనం పట్టుకుంటది. నువ్వే జెప్పినవు, గీ బిళ్ల ఇరవై ఒక్క రోజులు ఇని నేర్సుకుంటదని. నా బిడ్డ ఊపిరి ఇంటే ఏం నేర్సుకుంటది? దగ్గు నేర్సుకుంటది. అందుకే మంచి ఊపిరున్నోళ్ల పక్కన కూసోబెట్టిన."

పదకొండేండ్లుగా ముప్పై మంది చదువుకున్నవాళ్లు కూర్చుని తయారు చేసిన పరికరం అది. ఈ మాట అక్కడ ఒక్కరికీ తట్టలేదు. రోగి పరికరం రోగినే చదవాలి అన్నది మాకు సూర్యుడు తూర్పున పొడిచినంత మామూలు సంగతి.

జరీనా ఆఫ్రీన్‌ను ఎత్తుకుని వచ్చింది. ఎర్రమట్టి రంగు బిళ్ల పిల్ల రొమ్ము మీద ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. గంగామణి చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పిల్ల వీపు మీద అరచేయి ఆనించింది. కండ్లు మూసుకుంది. కాసేపయ్యాక "ఇంగ సాలు" అని పట్టీ విప్పేసింది. గడియారం వంక ఎవరూ చూడలేదు.

"మొదటి రోజు పిల్ల తెల్లబడ్డది" అంది జరీనా మెల్లగా. "నాకు పానం పోయింది స్వరూపక్కా. వద్దు, తీస్కపోండ్రి అన్న."

"ఇమ్రాన్ గాని ఊపిరి పెద్దది. దీనికి అందలే" అంది గంగామణి. "గా తప్పు నాదే. ఎనక చెయ్యి పెట్టకుండ కట్టిన ఆనాడు. ఇప్పుడు చెయ్యి తియ్య. పిల్ల అందుకుంటున్నదా లేదా చేతికి తెలుస్తది. అందుకోకుంటే ఇప్పేస్త. లౌక్యకు గూడ గట్లనే జేసిన. రోజింత తగ్గించుకుంట వొచ్చిన. ఇప్పుడు దానికి బిళ్లతోని పని లేదు."

ఫారంలో 'పరికరం రోజుకు ఎన్ని గంటలు ధరిస్తున్నారు' అనే గడి ఉంది. సున్నా అని రాయడానికి నా చేయి రాలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

హైదరాబాదు పోతూ కామారెడ్డిలో దిగాను. అక్కడ రిత్విక్ అని నా పద్నాలుగు మందిలో ఒకడు, ఎనిమిదేండ్ల పిల్లాడు. మా ల్యాబు వెబ్‌సైటులో వాడి ఫొటో ఉంటుంది, బిళ్ల కట్టుకుని నవ్వుతూ. వాళ్లమ్మ సౌజన్య అప్పుడే వాడికి స్నానం పోయబోతోంది. నీళ్లు, సబ్బు, తుండు అన్నీ చేతికందేలా పెట్టుకుంది. బిళ్ల విప్పింది. ఆ తర్వాత ఆమె చేసింది స్నానం పోయడం కాదు. ఇంట్లో నిప్పంటుకుంటే సామాన్లు బయట పారేసే మనిషిలా గబగబా నాలుగు చెంబులు గుమ్మరించింది. మూడో చెంబుకే వాడి భుజాలు పైకి లేచాయి. తడి ఒంటి మీదనే బిళ్ల కట్టింది. అది వెచ్చబడి ఉబ్బాక వాడు భుజాలు దించాడు.

"మొదట్ల అర్ధగంట ఉండెటోడు" అంది సౌజన్య తుండుతో తల తుడుస్తూ. "ఇప్పుడు నాలుగు నిమిషాలు. నిరుడు గిట్ల లేకుండె. నిరుడు జబ్బున్నది గాని, జబ్బు లేనప్పుడు మామూలుగనే ఉండెటోడు గద."

"ఈ సంగతి నాకెందుకు జెప్పలే?"

"నువ్వడగలే" అంది. కోపం లేదు ఆ మాటలో. "బిళ్ల నచ్చిందా అని అడిగినవు, నచ్చిందన్న. ఇది లేకుండ ఉండగలరా అని అడిగినవు, ఉండలేమన్న. నువ్వు ఫారంల ఐదు చుక్కలేసుకున్నవు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఐదు చుక్కల గురించే ఆలోచించాను. వాటిని నా పెన్నుతోనే నింపాను.

మా ల్యాబుకు పెద్ద డాక్టర్ వసుంధర. పిల్లల ఆసుపత్రిలో పదిహేనేండ్లు చేసి, కండ్ల ముందు పోయిన పిల్లలను మరిచిపోలేక ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఆమెను చెడ్డమనిషిగా చూపిస్తే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. ఆమె అట్లాంటిది కాదు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత అరవై బిళ్లల గీతలను గోడ మీది తెరపై పరిచింది. యాభై తొమ్మిది గీతలు ఒకే దారిన పైకి పోతున్నాయి. ధరించిన గంటలు మొదటి నెల ఎనిమిది, ఇప్పుడు ఇరవై మూడు. ఒక్క నలభై ఒకటో నంబరు గీత మాత్రం దిగుతూ దిగుతూ నేల దాకా పోయి, ఈమధ్య కాస్త లేచి, మళ్లీ దిగుతోంది. దాని పక్కన 'పరికర లోపం' అని ఎవరో రాసి పెట్టారు.

"లోపం కాదు మేడం. గంగామణి బిళ్ల అది."

ఆమె ఆ గీత వెంట వేలు నడిపింది. "రోగి ఊపిరి నేర్చుకున్న బిళ్ల ఆ రోగాన్ని మోస్తుంది, అంతే. దించదు" అంది తనలో తను. "మోయడం అలవాటైన కొద్దీ ఊపిరితిత్తులు బద్ధకిస్తాయి. మంచి ఊపిరి నేర్చుకున్నదైతే లాక్కుపోతుంది. ఎంత తేలిక! ఎంత తేలిక స్వరూపా!"

నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. అది నిమిషం కూడా నిలవలేదు.

"లాక్కుపోయేటప్పుడు అందుకోలేని పిల్ల చచ్చిపోతుంది" అంది ఆమె నా వైపు తిరిగి. "ఆ నాలుగేండ్ల పిల్ల తెల్లబడిందన్నావు కదా. వీపు మీద చేయి పెట్టి కూర్చునే గంగామణిని నేను ప్రతి ఇంటికీ ఎక్కడి నుంచి తెచ్చివ్వను? మళ్లీ మొదటి నుంచి చేయాలంటే రెండేండ్లు పడుతుంది. వచ్చే నెల నాలుగు వేల బిళ్లలు బయటికి పోతున్నాయి. డబ్బు పెట్టిన కంపెనీ ఆగదు."

"అయితే?"

"కొత్త బిళ్లలకు తాళం వేస్తున్నారు. మొదట తాకిన చర్మాన్ని తప్ప ఇంకో చర్మాన్ని అది ఒప్పుకోదు. నలభై ఒకటిని లెక్కలోంచి తీసేస్తాం. బిళ్లను వెనక్కి తెప్పిస్తాం."

"ఆఫ్రీన్ సగంలో ఉంది మేడం. ఇప్పుడు తీసేస్తే దానికి ఇంకో బిళ్ల రాదు. వచ్చినా తాళం బిళ్లే వస్తుంది, రిత్విక్‌లాగ అవుతుంది."

ఆమె తెర ఆపేసి, "ఫారాల్లో తొంభై నాలుగు శాతం సంతృప్తి ఉంది. ఆ ప్రశ్నలు అడిగింది నువ్వే కదా" అంది. దెప్పడానికి అన్నట్టు లేదు. ఆ నింద తనొక్కతే మోయలేక నాకూ కొంచెం పంచినట్టుగా అంది.

వారం తిరక్కుండా గంగామణికి కాగితం వచ్చింది. చివరి అభిప్రాయ సమావేశానికి రావాలి, వచ్చేటప్పుడు పరికరం తేవాలి, తేకపోతే చట్టప్రకారం చర్య. రిత్విక్ స్నానం సంగతి, మేడం చెప్పిన తాళం, నాలుగు వేల బిళ్లలు, రెండేండ్ల మాట ముందు చెప్పి, తర్వాత ఆ కాగితాన్ని అరుగు మీద అందరి ముందూ నేనే చదివి వినిపించాను. చదవడం అయిపోగానే జరీనా ఆఫ్రీన్ గౌను పైకెత్తి పట్టీ ముడి విప్పబోయింది.

"నా పిల్ల కోసం నీకు పోలీసులెందుకక్కా" అంది. "తీస్కపో. ఇన్ని రోజులిచ్చినవు, అల్లా నిన్ను సల్లగ సూస్తడు."

గంగామణి ఆ చేతిని పట్టుకుంది. "ముట్టకు. ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది."

"చట్టమంటున్నరు గదక్కా!"

"అననీ. నేనేం ఎత్తుకపోయి అమ్ముకున్ననా? పిల్లకు కట్టమని ఇచ్చిన్రు, పిల్లకే కట్టిన. బండకు కట్టిన్నా?"

ఈలోగా సాయవ్వ కొంగు దులుపుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం తడబడింది గానీ ఆ తడబాటును దాటేయడం ఆమెకు కొత్త కాదు. "ఇయ్యకుండ్రి, ఇయ్యకుండ్రి" అంది గట్టిగా. "ఆఫ్రీన్ అయిపోతే నా మనుమడు లేడా? ఆర్నెల్ల సంది సూస్తున్న, కుమ్మరోళ్లకు తిరుగుతది, తురకోళ్లకు తిరుగుతది, నా ఇంటికే తొవ్వ తెల్వదు గీ బిళ్లకు!"

"ఓహో, అందుకా పెద్దమ్మా స్వరూపోళ్లమ్మకు ముచ్చట మోసినవు?" అంది గంగామణి.

"మరి అడిగితే ఇచ్చినవా?"

"అడగందే ఎట్లిస్త? ఊరంత జెప్పినవు, నాకొక్కదానికే జెప్పకపోతివి."

గల్లీ అంతా గొల్లుమంది. నవ్వు ఆగాక గంగామణి నా వైపు తిరిగింది. "మీటింగు కాడ ఎవ్వరెవ్వరుంటరు?"

"కంపెనీవాళ్లు, ఇద్దరు సర్కారు ఆఫీసర్లు, మేడం, మా వాళ్లు. అమ్మలను కూడా కూర్చోబెడతరు. బిళ్ల మంచిదని అమ్మలు చెబితే ఆఫీసర్లు సంతకం పెడతరు."

"అట్లనా. అయితే అమ్మలను నువ్వు తోల్కరా. గా స్నానం పోసే ఆమెను గూడ."

సమావేశానికి మిగిలిన నాలుగు రోజులూ నేను ఫారాలు తీసుకెళ్లలేదు. స్కూలు నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని పద్నాలుగు ఇండ్లూ తిరిగాను. ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: బిళ్ల విప్పితే ఏమవుతుంది? చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఒకావిడ, మా పిల్ల ఆటలాడుడే మరిచిందమ్మా అంది. ఒక తండ్రి, కరెంటు పోయినరోజు ఛార్జింగు కోసం పిల్లను మోసుకుని పక్కూరికి ఉరికానన్నాడు. ఏడేండ్ల పిల్ల ఒకతె తనే పెన్ను అడిగి తీసుకుని, 'ఇది లేకుంటే నేను లేను' అని రాసి, కింద పువ్వు బొమ్మ గీసింది.

సమావేశం గది చల్లగా ఉంది. గోడ మీద రిత్విక్ నవ్వు. బల్లకు ఒకవైపు కోట్లూ లాప్‌టాప్‌లూ, ఇంకోవైపు ప్లాస్టిక్ కుర్చీల్లో మా అమ్మలు, సంచులు ఒళ్లో పెట్టుకుని. డాక్టర్ వసుంధర నన్ను చూసింది. నా చేతిలో నోటుపుస్తకం చూసింది. ఫారాలు ఎక్కడని అడగలేదు.

నేను లేచి చదివాను. మూడో ఇల్లు చదువుతుండగా కంపెనీ మనిషి, మెడలో నీలం దారం కార్డు వేలాడుతున్నాయన, "ఇది ఎజెండాలో లేదు" అన్నాడు. "ఉండాల్సింది సార్" అని నాలుగో ఇల్లు చదివాను. అప్పటికి నా ఉద్యోగం పోయిందని నాకు అర్థమైంది. విచిత్రంగా గొంతు ఇంకా బిగ్గరైంది. పువ్వు బొమ్మ ఉన్న పేజీని పెద్దాఫీసరు ముందు పెట్టాను. ఆయన కండ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

సౌజన్య లేచి గోడ మీది ఫొటో వైపు వేలు చూపించింది. "ఆడు నా కొడుకు. నాలుగు నిమిషాలు. గంతే ఉంటడు ఇది లేకుంటే. గది గూడ కింద రాయుండ్రి" అని కూర్చుంది.

"తాళం వద్దు" అంది గంగామణి కూర్చున్నచోటు నుంచే. "నాలుగు వేల బిళ్లలు పంచుతరట. పంచుండ్రి. ముందుగాల మంచిగున్న పిల్లలకు కట్టి నేర్పుండ్రి. ఎనక చెయ్యి పెట్టి సూసుడు అమ్మలకు మేం నేర్పుతం. ఊరికి ఇద్దరికి నేర్పితే సాలు, వాండ్లు పదిమందికి నేర్పుతరు. రెండేండ్లెందుకు పడ్తది?"

డాక్టర్ వసుంధర పెన్ను తీసింది. ఏదో రాసుకుంటోంది. ఆమె చేయి ఆగకుండా రాయడం నేను చూశాను.

నీలం దారం మనిషి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ భావాలను గౌరవిస్తాం. కానీ ఒక పద్ధతి ఉంటుంది. మీరు ఒప్పందం మీరారు. ఒక పసిపిల్ల ప్రాణంతో ఆడుకున్నారు. నలభై ఒకటో నంబరు పరికరం కంపెనీ సొత్తు. ఈ రోజు తెమ్మని నోటీసు పంపాం. ఎక్కడుంది అది?"

గంగామణి లేచింది. ఒళ్లోని సంచి కుర్చీలో పెట్టింది. బల్ల చుట్టూ ఉన్న ఒక్కొక్కరి ముఖం వరుసగా చూసింది.

"పిల్ల రొమ్ము మీదున్నది" అంది. "ఇప్పేటోళ్లు ఎవ్వరో చెయ్యెత్తుండ్రి. తోల్కపోత."